అరువు తోడు

పాలు పెరుగుగా మారడంలో మహిమేమీ లేదు. గోరువెచ్చని పాలలో నిన్నటి పెరుగు చెంచాడు కలిపితే, అందులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లానికి పాలు గడ్డకడతాయి. అంతే. డాక్టర్ రంగనాయకి ఈ మాటను హేతువాద సంఘం సభల్లో చెప్పింది, విశ్వవిద్యాలయపు తరగతుల్లో చెప్పింది, తన పెళ్ళిచూపుల్లో కాబోయే అత్తగారికి కూడా చెప్పింది. ఆ సంబంధం కుదరలేదు. ఆమె పెద్దగా విచారించనూ లేదు.

అటువంటి మనిషి యాభయ్యో ఏట, విశాఖపట్నంలోని తన ప్రయోగశాలలో, చూసినవాళ్ళు మహిమ అనుకోదగిన పెరుగునొకదాన్ని తయారుచేసింది.

మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. అది స్రవించే ఎదుగుదల హార్మోను చాలని పిల్లలు ఎదగరు. ఒకప్పుడు ఆ హార్మోనును శవాల గ్రంథుల నుంచి తీసేవారు. దానితో కొందరు పిల్లలకు మెదడును తినేసే జబ్బు సంక్రమించడంతో ఆ పద్ధతి ఆగిపోయింది. తర్వాత సూక్ష్మజీవులకు మనిషి జన్యువునిచ్చి, వాటిచేత హార్మోనును తయారు చేయించడం నేర్చుకున్నారు. అయితే అదొక మాంసకృత్తు. మింగితే కడుపు దాన్ని కందిపప్పును అరిగించినట్టే అరిగించేస్తుంది. అందుకే సూది తప్పదు. రోజూ, ఏళ్ళ తరబడి, చిన్నపిల్లల తొడలమీదా పొట్టమీదా సూది.

రంగనాయకి పెరుగులోని సూక్ష్మజీవికే ఆ జన్యువునిచ్చింది. అది హార్మోనును కొవ్వు పొరలో చుట్టి, కడుపు దాటించి, పేగు గోడకు అప్పగిస్తుంది. రాత్రి పాలలో పొట్లం కలిపి, పొద్దున ఆ పెరుగు తినిపిస్తే చాలు. సూది అక్కర్లేదు.

అనుమతి కోసం ఢిల్లీ వెళ్ళినప్పుడు, నిపుణుల సంఘంలో పానకాలరావు గారనే వృద్ధ వైద్యుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ అడిగాడు.

"చూడమ్మా, మా ఆవిడ ఏ పెరుగైనా అడుగున చెంచాడు మిగల్చందే గిన్నె కడగదు. మీ పొట్లం పెరుగును కూడా అలాగే తోడు దాస్తారు. బతికున్న మందాయె. ఒక ఇంట్లో పడ్డది పది ఇళ్ళకు పాకితే దాని మోతాదు ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్న కోసం రంగనాయకి ఏడాది పొడవునా సిద్ధపడి ఉన్నది. "దానికో తాళం వేశామండీ. బతకడానికి కావలసిన ఒక అమైనో ఆమ్లాన్ని తయారుచేసుకునే శక్తి దాని దగ్గర తీసేశాం. ఆ ఆమ్లం పొట్లంలోనే ఉంటుంది, పాలలో చాలినంత ఉండదు. తోడు దాచి మళ్ళీ వేస్తే అది ఆకలికి చస్తుంది. మూడోసారి తోడుపెట్టిన పెరుగులో హార్మోను ఆనవాలే లేదు."

"ఏ గిన్నెలో చూశారు?"

"గాజు పాత్రలో. శుద్ధి చేసిన పాలతో."

"మా ఇంటి తోడు మా అమ్మమ్మ కాలం నాటిదమ్మా! దానికి ఏ శుద్ధీ లేదు," అని ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక ప్రశ్న ఉన్నదని ఎవరికీ తోచలేదు, నవ్విన ఆయనతో సహా.

అనుమతి వచ్చింది. హార్మోను లోపం రక్తపరీక్షల్లో రుజువైన పిల్లలకే ఇవ్వాలి. మరెవరికీ పెట్టరాదు. ఆర్నెల్లకోసారి మణికట్టు ఎక్స్‌రే తీయాలి. అలా మొదలైన ప్రయోగంలో కంచరపాలెం పిల్ల హారతి ఒకతె.

హారతికి పదకొండేళ్ళు. చూడటానికి ఒకటో తరగతి పిల్ల. బస్సు కండక్టర్లు అర టిక్కెట్టు కూడా కొట్టేవారు కాదు. శరీరానికి రాని పెంపంతా నాలుకకు వచ్చినట్టు మాట్లాడేది.

"డాక్టరమ్మా, నా గీతలు ఎలగున్నాయి?" అని అడిగింది, రంగనాయకి మొదటి నెల చూడటానికి వాళ్ళింటికి వెళ్ళిన సాయంత్రం.

గీతలంటే ఎక్స్‌రేలో ఎముకల చివర కనిపించే నల్లని సందులు. అక్కడి మెత్తని పొర కొత్త ఎముకను కడుతూ ఉన్నంతకాలమే ఎత్తు పెరుగుతుంది. ఈడు వచ్చాక ఆ సందులు పూడిపోతాయి. పూడాక ప్రపంచంలోని హార్మోనంతా తెచ్చి పోసినా వెంట్రుకవాసి ఎత్తు పెరగదు.

"తెరుచుకునే ఉన్నాయి. ఇంకో మూడేళ్ళు ఉండొచ్చు."

"ఈలోపు మా అమ్మంత అవుతానా?"

"మానకుండా తింటే అవుతావు."

"మా అమ్మంతయితే చాలు. మా నాన్నంత వద్దు. గుమ్మం తగిలి రోజూ తిట్టుకుంటాడు."

తల్లి గౌరీశ్వరి దేవుడి గూట్లో దీపం వెలిగించి వచ్చి నవ్వింది. అంతలో పక్కింటి పైడమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వరసకు పిన్ని కాదు గాని, వీధంతా ఆమెను పిన్ని అనే పిలుస్తుంది.

"గౌరీ, చెంచాడు తోడియ్యవే. మా పిల్లి ముండ గిన్నంతా నాకేసినాది."

గౌరీశ్వరి చేతులు తుడుచుకుంటూ ఆగింది. "అయ్యో పిన్నీ, ఇప్పుడే దీపం పెట్టానే. దీపాలయ్యాక తోడివ్వకూడదంటారు కదా. పొద్దున్నే..."

"ఓసోసి! మొన్న దీపాలయ్యాక నా కాడ ఉప్పట్టుకెళ్ళినప్పుడు లేదేటే ఈ మడి?"

రంగనాయకికి నవ్వాగలేదు. దానితోపాటు, సభల్లో వచ్చే ఉత్సాహం కూడా వచ్చింది. "దీపానికీ పెరుగుకీ సంబంధమేమిటి గౌరీ? లక్ష్మి పోతుందనా? ఇలాంటివి మనమే మానకపోతే పిల్లలు ఎలా మానతారు? ఇచ్చెయ్యండి."

గౌరీశ్వరి ఆమె ముఖంలోకి చూసింది. "ఇవ్వమంటారా అమ్మా? ఇంట్లో ఉన్నది పాప పెరుగే."

"అడుగున మిగిలిన చెంచాడేగా. రేపెల్లుండికల్లా అది ఉత్త పెరుగు. ఇవ్వండి, ఏం కాదు."

పైడమ్మ గిన్నెలో ఆ చెంచాడు పడింది. పిల్లి నాకగా అంచున మిగిలిన పాత తోడు అప్పటికే ఆ గిన్నెలో ఉంది.

హారతి ఎదగసాగింది. మొదట చెప్పులు బిగుతయ్యాయి, తర్వాత గౌన్లు మోకాళ్ళు దాటాయి. ఏడాది తిరిగేసరికి కండక్టరు అర టిక్కెట్టు కొట్టాడు. ఆ టిక్కెట్టును హారతి పటం కట్టించమని గొడవ చేసిందని గౌరీశ్వరి చెప్తే, ప్రయోగశాలలో అందరూ ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయారు. రంగనాయకి సహచరుడు సిరాజుద్దీన్ లెక్కలు వేసి, పదిహేనో ఏటికి తల్లి ఎత్తు అందుకుంటుందన్నాడు.

అదే కాలంలో ఆ వీధిలో మరో వార్త పుట్టింది. పైడమ్మ పెరుగు తింటే మోకాళ్ళ నొప్పులు పోతున్నాయట. ముడతలు తగ్గుతున్నాయట. పైడితల్లమ్మ జాతర నుంచి వచ్చినప్పటి నుంచే ఆ గిన్నెలో పెరుగు రాయిలా తోడుకుంటోందట. అడిగినవాళ్ళకు పైడమ్మ లేదనకుండా తోడిచ్చింది. తోడడిగితే లేదనడం ఆ వీధిలో ఎవరికీ తెలియని విద్య.

రంగనాయకికి ఇది చెవిన పడ్డప్పుడు ఆమెకు కోపం కూడా రాలేదు, జాలి కలిగింది. గౌరీశ్వరి ఇంటి అరుగుమీద ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించింది. నమ్మకం నొప్పిని మరిపిస్తుందని, ఉత్త పిండి బిళ్ళ ఇచ్చి మందని చెప్పినా కొందరికి నొప్పి తగ్గుతుందని చెప్పింది. "మీ మోకాళ్ళకు మేలు చేసింది పెరుగు కాదు, మీ నమ్మకం," అని ముగించింది.

పైడమ్మ బుగ్గన వేలేసుకుంది. "అయితే అమ్మా, మీ పెరుక్కైతే గుణం ఉంటాది, మా తల్లి పెరుక్కు ఉండదేటి?"

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. రంగనాయకి కూడా నవ్వింది.

మర్నాడు ఈ ముచ్చట విని సిరాజుద్దీన్ నవ్వలేదు. "మేడమ్, ఒక చెంచాడు తెప్పించి చూద్దాం. ఆ గిన్నెలోకి మన తోడు వెళ్ళిందన్నారు కదా."

"మన జీవి మూడో తోడుకే చస్తుందని నువ్వే నిరూపించావు."

"నిరూపించాను. అయినా చూడ్డానికి పోయేదేముంది?"

"సిరాజ్, ఇవాళ పైడితల్లమ్మ పెరుగును పరీక్షిస్తే, రేపు బాబాల విభూతిని పరీక్షించమంటారు. మహిమలను ప్రయోగశాల మెట్లెక్కించకూడదు."

జీవితమంతా సందేహించడమే వృత్తిగా పెట్టుకున్న ఆమె, ఆ రోజు ఒక్కదాన్ని మాత్రం సందేహించలేదు. అది తన సందేహం.

ఆ తర్వాత రెండు విడతలు హారతిని చూడటానికి ఆమె సహాయకులే వెళ్ళారు. తిరిగి తానే వెళ్ళిన రోజు, పైడమ్మ కుళాయి దగ్గర కూర్చుని సబ్బు నురగతో చేతి గాజు తీయడానికి కుస్తీ పడుతోంది. చెయ్యి అల్లంకొమ్ములా ఉబ్బి ఉంది.

"ఏటమ్మా అలగ చూస్తారు? లావయ్యానని నాకూ తెలుసును," అంది పైడమ్మ. గొంతు మగగొంతులా బొంగురుగా పలికింది.

అది లావు కాదు. కింది దవడ ముందుకు వచ్చింది. పళ్ళ మధ్య సందులు పడ్డాయి. ముక్కు, పెదవులు దళసరి అయ్యాయి. ఎత్తుకు దారి మూసుకుపోయిన పెద్దవాళ్ళ శరీరంలో ఎదుగుదల హార్మోను పొంగితే, అది అడ్డంగా దారి వెతుక్కుంటుంది. చేతులు, పాదాలు, దవడ, నాలుక, కాలేయం, చివరికి గుండె. ఆ ముఖాన్ని రంగనాయకి వైద్య గ్రంథాల్లో ఎన్నోసార్లు చూసింది.

నిలబడ్డచోటి నుంచి వీధి చివరిదాకా చూపు సారించింది. ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుతున్నావిడ తలెత్తింది. అదే దవడ. ఆ పక్కింటావిడ ఎవరితోనో మాట్లాడుతూ ఇటు తిరిగింది. అవే పెదవులు. ఏ చుట్టరికమూ లేని ఆడవాళ్ళు ఒకతల్లి బిడ్డల్లా కనిపిస్తున్నారు.

"పిన్నీ, షుగరుందా మీకు?"

"మొన్ననే వచ్చినాదన్నారు. ఈ వీధిలో ఎవులికి లేదు చెప్పండి?"

రంగనాయకి, "చెంచాడు పెరుగివ్వండి," అంది.

పైడమ్మ ముఖం వెలిగిపోయింది. "చూసినారా! మీకూ గురి కుదిరినాదన్నమాట."

సిరాజుద్దీన్ ఆ పెరుగును పరీక్షించి, మళ్ళీ పరీక్షించి, ఆమె గదిలోకి వచ్చి తలుపు చేరవేశాడు. హార్మోను ఉంది. పిల్లలకిచ్చే మోతాదుకు ఎన్నో రెట్లు ఉంది.

"తాళం పాడయిందా?" అని అడిగింది.

"తాళం బాగానే ఉంది మేడమ్. మనది ఇప్పటికీ ఆ ఆమ్లాన్ని తయారుచేసుకోలేదు. కాని ఇళ్ళలోని పాత తోడులో ఒక్క జాతి ఉండదు, పదో పదిహేనో కలిసి ఉంటాయి. వాటిలో ఒకటి ఆ ఆమ్లాన్ని అవసరానికి మించి తయారుచేసి బయటికి వదులుతోంది. మనది దాన్ని తిని బతుకుతోంది. ఆకలికి చస్తుందనుకున్నాం. పక్కవాళ్ళు అన్నం పెడుతున్నారు," అన్నాడు.

గాజు పాత్రలో పక్కవాళ్ళు లేరు.

ఆ సాయంత్రమే రంగనాయకి పానకాలరావు గారికి ఫోను చేసింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. ఆయన అంతా విని, "నేనడిగాను. కాని సరిగ్గా అడగలేదమ్మా," అన్నాడు.

ఆరోగ్య శాఖ మనుషులు వీధిలోకి దిగి ఇల్లిల్లూ తిరిగారు. తోడు గిన్నెల్లో మరుగుతున్న నీళ్ళు పోశారు. మట్టి ముంతలైతే పగలగొట్టారు. అత్త చేతినుంచి కోడలికి వచ్చిన తోడు, పురిటికి వెళ్ళినప్పుడు పుట్టింటి నుంచి మూటలో దాచి తెచ్చుకున్న తోడు, అన్నీ కాలవలో కలిశాయి. ఆడవాళ్ళు ఎవరో పోయినట్టు గుమ్మాల్లో నిలబడి చూశారు. తిట్టినవాళ్ళు కూడా లేకపోలేదు. పైడమ్మను ఆస్పత్రిలో చేర్చారు. పెరుగు మానిన కొన్నాళ్ళకు ముఖం వాపు కొంత దిగింది, చక్కెర అదుపులోకి వచ్చింది. దవడ వెనక్కు రాలేదు, పెరిగిన గుండె చిన్నది కాలేదు.

గౌరీశ్వరి ఇంటికి రంగనాయకి తానే వెళ్ళింది. ఖాళీ గిన్నె బోర్లించి ఉంది.

"ఆ రోజు దీపం మాటెత్తాను కదమ్మా," అంది గౌరీశ్వరి, కూర్చోమని పీట వాల్చి. "నాకూ అలాటి పట్టింపులు లేవు. మీ కాగితంలో ఎవరికీ పెట్టొద్దని రాశారు. పిన్ని మొహం మీద 'నీకివ్వను' అని ఎలాగంటాను? అందుకని దీపాన్ని అడ్డం పెట్టుకున్నాను. మీరే ఇమ్మన్నారు. మీకు తెలీకుండా ఉంటాదా అనుకున్నాను."

నిందగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. రంగనాయకి పీటమీద కూర్చోలేకపోయింది. ఎదుటివాళ్ళను నొప్పించకుండా నిబంధన పాటించడానికి ఆ ఇల్లాలు వెతుక్కున్న ఒకే ఒక్క దారిని తాను మూఢనమ్మకమని మూసేసింది.

"పాపకు మళ్ళీ సూదులే కదా ఇంక?" అని అడిగింది గౌరీశ్వరి. "భయపడదులెండి. వేయించేస్తాను."

ఆ మాటకు జవాబు చెప్పడం కోసమే రంగనాయకి వచ్చింది. "ఇప్పుడే కాదు గౌరీ."

పాత తోడుతో కలిసి బతకడం నేర్చిన ఆ జీవి, కొందరి పేగుల్లోనూ కాపురం పెట్టింది. హారతి, ప్రయోగంలోని మిగతా పిల్లలు తిన్నదీ పాత తోడు అంటిన ఇంటి గిన్నెల్లో తోడుపెట్టిన పెరుగే. లోపల అది ఎంత హార్మోను వదులుతున్నదో, ఎప్పుడు వదులుతున్నదో చెప్పలేరు. దానిమీద సూది కూడా వేస్తే మోతాదు ఎక్కడికి పోతుందో తెలియదు, పైడమ్మ గుండెకు జరిగింది పిల్ల గుండెకూ జరగవచ్చు. అందుకని, కడుపు పూర్తిగా శుభ్రపడిందని తేలేదాకా ప్రయోగంలోని పిల్లలెవరికీ ఏ రూపంలోనూ ఎదుగుదల హార్మోను ఇవ్వరాదని నిపుణుల సంఘం తీర్మానించింది. ఆ తీర్మానం ముసాయిదా రాసింది రంగనాయకే. దానిలో మార్చవలసిన వాక్యం ఆమెకు ఆ రోజూ కనిపించలేదు, ఆ తర్వాతా కనిపించలేదు.

మిగతా పిల్లల కడుపులు కొద్ది నెలల్లో శుభ్రపడ్డాయి. హారతి కడుపు మాత్రం మొండికేసింది. మందులు మార్చారు, పథ్యం మార్చారు. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ ఆ జీవి ఆనవాలు సన్నగా తగులుతూనే ఉంది. అది ఇచ్చే హార్మోను పిల్ల ఎదగడానికి చాలదు, సూది వేయించుకోవడానికి వీల్లేనంత ఉంటుంది. ఈలోగా హారతి పెద్దమనిషయింది. వీధిలో పేరంటం చేసి, నువ్వులూ బెల్లం దంచిన చిమ్మిలి పంచారు. రంగనాయకికి కూడా పంపారు. ఆమె ఆ చిమ్మిలి తినకుండా చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది.

కడుపు శుభ్రపడిందన్న ఫలితం వచ్చిన రోజున ఎక్స్‌రే కూడా తీశారు. రంగనాయకి ఆ ఫిల్మును వెలుగు పలకమీద పెట్టి, దగ్గరగా చూసింది, కళ్ళద్దాలు మార్చి చూసింది. మణికట్టు దగ్గర నల్లని సందులు ఉండవలసిన చోట ఎముక ఏకంగా, తెల్లగా, నున్నగా ఉంది.

గౌరీశ్వరి కుర్చీ అంచున కూర్చుని ఉంది. పక్కన హారతి. పద్నాలుగేళ్ళ ముఖం, తొమ్మిదేళ్ళ పిల్లంత మనిషి.

"సూదులు ఎప్పణ్ణుంచి మొదలెడతారమ్మా?" అని అడిగింది గౌరీశ్వరి.

"మొదలెట్టి ప్రయోజనం లేదు గౌరీ. గీతలు మూసుకుపోయాయి."

బయట వరండాలో ఎవరో నర్సును పేరు పెట్టి పిలుస్తున్నారు. గౌరీశ్వరి కూతురి వైపు చూడకుండా కొంగు చివర ముడివేస్తూ కూర్చుంది. హారతి ఫిల్మువైపే చూస్తోంది.

కారణం లేకుండా కార్యం లేదని ముప్పయ్యేళ్ళు బోధించిన రంగనాయకి, ఇప్పుడు ఆ పిల్లకు కనీసం కారణమైనా ఇవ్వాలనుకుంది. కుర్చీ ముందుకు లాక్కుంది. "చూడు హారతీ, ఇది ఎక్కడ మొదలైందో నీకు చెప్పాలి. మీ అమ్మ తప్పు లేదు, పైడమ్మ పిన్ని తప్పూ లేదు. మూడేళ్ళ కిందట నేనే ఒక చెంచాడు పెరుగు ఇమ్మని..."

"ఎవరి తప్పో తేలితే నేను పొడుగవుతానేటి డాక్టరమ్మా?"

"అలగ అనకూడదే," అంది తల్లి మెల్లగా.

"ఉన్నమాటే అంటన్నాను కదే." హారతి కుర్చీలోంచి కిందికి జారి, చున్నీ సర్దుకుని, చెప్పులు వెతుక్కుంది. "లేమ్మా. ఆలస్యమైతే బస్సులో నిలబడ్డానికి చోటుండదు. ఈ ఎత్తుకి అందరి మోచేతులూ నా మొహానికే."

పిల్ల వరండాలోకి వెళ్ళిపోయింది. గౌరీశ్వరి లేచి, ఎప్పటిలాగే బల్లమీది క్యాలెండరు వైపు చూసింది.

"మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంటారమ్మా?"

"ఇంక తీసుకురానక్కర్లేదు గౌరీ."

గౌరీశ్వరి అర్థమైనట్టు తలూపింది. గుమ్మం దాకా వెళ్ళి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి, "వస్తామమ్మా," అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.